పళ్లు తోముకోవడం వచ్చు, కానీ మధ్యలో ఆగిపోతాడు: ఇంట్లో ఏం చేయాలి?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి నాలుగున్నరేళ్లు, ఆటిజం అని తేలింది, వారానికి రెండు రోజులు థెరపీకి వెళ్తున్నాడు. పళ్లు తోముకోవడం, చొక్కా వేసుకోవడం విడివిడిగా అన్నీ వచ్చు. పొద్దున్న మాత్రం ఏ పనైనా మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాడు. ఆటో వేరే దారి పట్టిందంటే దిగేదాకా ఏడుపే. థెరపిస్టు ‘ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ వీక్‌గా ఉంది’ అన్నారట. మెమరీ గేమ్స్ యాప్ కొనమంటారా, ఇంట్లో ఇంకేమైనా చేయాలా అని అడిగారు.

అమ్మా, యాప్ కొనకండి. అలాంటి ఆటలు ఆడేకొద్దీ పిల్లలు ఆ ఆటలో ఆరితేరతారు. ఆ నేర్పు బాత్రూమ్ దాకా, బడి బ్యాగు దాకా రావడం చాలా అరుదు. పని ఎక్కడ ఆగిపోతోందో అక్కడే, ఆ పనితోనే నేర్పాలి.

థెరపిస్టు అన్న మాటలో ముఖ్యంగా మూడు సంగతులున్నాయి. చెప్పింది పని అయ్యేదాకా బుర్రలో నిలుపుకోవడం, చేయబోయిన దాన్ని ఆపుకోవడం, ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారడం. పిల్లల్లో ఈ మూడోదాన్ని చూడటానికి ఒక కార్డుల పరీక్ష ఉంది. కార్డులను ముందు రంగు ప్రకారం వేరు చేయిస్తారు, తర్వాత బొమ్మ ప్రకారం వేరు చేయమంటారు. మూడేళ్ల పిల్లల్ని ‘ఇప్పుడు ఏ ఆట ఆడుతున్నాం?’ అని అడిగితే కొత్త ఆట పేరే చెబుతారు, చేతులు మాత్రం ఇంకా రంగు ప్రకారమే కార్డులు వేస్తుంటాయి. నాలుగు, ఐదేళ్లు వచ్చేసరికి చాలామంది మారగలుగుతారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇంకొంత కాలం పడుతుంది. అంటే తెలియడం వేరు, ఆ తెలిసినది సమయానికి చేతికి అందడం వేరు. మీ బాబు బ్రష్ పట్టుకుని కుళాయి నీళ్లు చూస్తూ నిలబడిపోవడం మొండితనం కాదు. తర్వాత చేయాల్సిన పని బుర్రలోంచి జారిపోయింది, అంతే. ఇంట్లో పెద్దవాళ్లందరికీ ముందు ఈ ఒక్క విషయం చెప్పండి.

జారిపోయేదాన్ని కళ్లెదురుగా పెట్టాలి. దాన్నే విజువల్ షెడ్యూల్ అంటారు. ఇంటర్నెట్‌లో దొరికే కార్టూన్ బొమ్మలు వద్దు. మీ ఇంటి బ్రష్, మీ ఇంటి బకెట్, వాడి చొక్కా ఫోన్‌తో ఫొటో తీయండి. వెనకాల వేరే వస్తువులేవీ లేకుండా, ఒక తెల్ల దుప్పటి మీద పెట్టి తీస్తే చాలు. ఒక్కో ఫొటో అరచేతిలో పట్టేంత సైజులో ప్రింట్ తీయించి, జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించండి. వెనక అంటించడానికి వెల్‌క్రో (అంటించి మళ్లీ పీకగలిగే పట్టీ) టైలరింగ్ సామాను అమ్మే కొట్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. ఒక గట్టి అట్టముక్క మీద వరసగా పైనుంచి కిందికి అతికించి, వాడి కంటి ఎత్తులో గోడకి పెట్టండి. కింద ఒక చిన్న డబ్బా ఉంచండి. పని అయ్యాక ఆ ఫొటో వాడే పీకి డబ్బాలో వేయాలి. మిగిలినవెన్నో కంటికి కనిపించాలి, అయిపోయింది కళ్లముందు నుంచి వెళ్లిపోవాలి.

మొదటి వారం రెండే రెండు ఫొటోలు పెట్టండి. రెండోది వాడికి ఇష్టమైనది కావాలి. బ్రష్, తర్వాత ఇడ్లీ. లేదా చొక్కా, తర్వాత ఉయ్యాల. రెండూ నిలకడగా జరిగాక మూడోది చేర్చండి. ఉత్సాహంగా మొదటి రోజే లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా పన్నెండు బొమ్మలు పెట్టేసిన ఇళ్లలో నెల తిరిగేసరికి ఆ అట్ట బీరువా వెనకాల ఉంటుంది. ఫొటోకీ వస్తువుకీ సంబంధం ఇంకా అందని పిల్లలైతే అసలు వస్తువులతోనే మొదలుపెట్టాలి. బ్రష్ ఒక ట్రేలో, చెంచా ఇంకో ట్రేలో.

అట్ట పెట్టాక కూడా పని జరగకపోతే ఎక్కువసార్లు కారణం మన నోరే. ‘బ్రష్ చేసుకో నాన్నా, చూడు, బ్రష్, తొందరగా’ అని మనం వెనకాల చదువుతూ ఉంటే వాడు అట్టని కాదు, మన గొంతుని పట్టుకుని నడుస్తాడు. గొంతు ఆగితే పని ఆగుతుంది. అందుకని మాట ఒక్కసారే, ‘అట్ట చూడు’ అనండి. ఆ తర్వాత మనసులో పది లెక్కపెట్టండి. కదలకపోతే వాడి వెనక నిలబడి, మాట్లాడకుండా, చేయి పట్టి ఫొటో దగ్గరికి తీసుకెళ్లండి. సాయం ఎప్పుడూ వెనకనుంచే. ఎదురుగా నిలబడి చేస్తే వాడి చూపు మన మొహం మీదికి పోతుంది. ఈ సాయాన్ని మెట్టుమెట్టుగా తగ్గించాలి. ముందు చేయి పట్టి చేయించడం, తర్వాత మోచేతి దగ్గర తాకడం, తర్వాత వేలితో చూపించడం, చివరికి పక్కన ఊరకే నిలబడటం. ఆ నిలబడటం కూడా తర్వాత గుమ్మం దాకా, ఆ తర్వాత గుమ్మం బయటికి జరగాలి.

పళ్లు తోముకోవడం ఒక పని అనుకుంటాం గానీ అది ఏడెనిమిది పనులు. బ్రష్ తీయడం, పేస్ట్ మూత తిప్పడం, శనగగింజంత పేస్ట్ వేయడం, కుడివైపు తోమడం, ఎడమవైపు, ముందు, ఉమ్మడం, బ్రష్ కడిగి గ్లాసులో పెట్టడం. దీన్ని చివరినుంచి నేర్పండి. మొదట్లో అన్నీ మీరే చేయించండి, బ్రష్ కడిగి గ్లాసులో పెట్టడం మాత్రం పూర్తిగా వాడిది. పెట్టగానే ‘అయిపోయింది!’ అని ఇడ్లీ దగ్గరికి వెళ్లిపోవడమే. వరసగా మూడు రోజులు సాయం లేకుండా చేస్తే ఉమ్మడం కూడా వాడికి వదలండి. ఇలా వెనక్కి జరుగుతూ పోతే ప్రతిరోజూ వాడు పని పూర్తిచేసిన వాడవుతాడు. ముందునుంచి నేర్పితే కొందరు పిల్లలు మధ్యలోనే చతికిలబడతారు. వరస ఎక్కడ తెగుతోందో కనిపెట్టడానికి రెండు రోజులు ఏమీ అనకుండా గమనించండి. చాలామంది పిల్లలు మూత తిప్పేచోట ఆగుతారు. అది జ్ఞాపకం సమస్య కాదు, వేళ్ల బలం సమస్య. తోసి తెరిచే మూత ఉన్న ట్యూబు కొంటే ఆ అడ్డంకి పోతుంది.

ఇక్కడ అమ్మమ్మ, నాన్నమ్మల సంగతి చెప్పాలి. ఆటో హారన్ వినబడగానే ‘పాపం పసివాడు’ అని మొత్తం వాళ్లే చేసిపెడతారు. ప్రేమే అది, కాదనలేం. కానీ చివరి అడుగు వాడి చేతిలోంచి పోతే ఆ రోజు నేర్చుకోవడం పోయినట్టే. అందుకని వాళ్లకి ఒక పని పూర్తిగా అప్పజెప్పండి, మీ పద్ధతిలోనే. చొక్కా ఆఖరి బొత్తం, చెప్పుల పట్టీ, బ్యాగు జిప్పులో చివరి బెత్తెడు, ఏదో ఒకటి. సమయం చాలని రోజు మొదటి అడుగులన్నీ మీరు చకచకా చేసేయండి, ఆఖరిది మాత్రం వదిలిపెట్టండి.

ఆపుకోవడం నేర్పడానికి మనకి ఆటలు చాలానే ఉన్నాయి. నేలా బండా చూడండి. ‘నేల’ అంటే నేల మీద, ‘బండ’ అంటే గట్టు మీద ఉండాలి. దూకబోయే కాలిని ఆపుకోవాలి, మాట మారితే తనూ మారాలి. రెండూ ఒకే ఆటలో వచ్చేస్తాయి. మొదట్లో గట్టు బదులు చాప చాలు, మాటతోపాటు వేలితో చూపించండి, ఓడిపోవడం అనేది లేకుండా ఆడండి. పాట ఆగితే కదలకుండా నిలబడే స్టాచ్యూ ఆట కూడా మంచిదే. ఆగే సమయం మొదట రెండు సెకన్లు మించకూడదు.

ఎదురుచూడటానికి ఒక ‘ఆగు’ కార్డు తయారుచేయండి. ఇడ్లీ అడిగినప్పుడు కార్డు చేతికిచ్చి, ఐదు సెకన్లు ఆగి, కార్డు తీసుకుని ఇడ్లీ ఇచ్చేయండి. ఐదు అంటే ఐదే. అది కుదిరాక పది, ఇరవై, ముప్పై. అయితే ఎప్పుడూ పెంచుకుంటూనే పోకండి, మధ్యమధ్యలో మళ్లీ ఐదుకి రండి. ప్రతిసారీ ఎక్కువే అవుతుంటే కార్డు చూడగానే వాడికి దిగులు పుడుతుంది. వస్తువు ఇవ్వలేని పరిస్థితిలో, అంటే కొట్టు మూసి ఉన్నప్పుడో ఫోన్ ఛార్జింగ్ లేనప్పుడో, ‘ఆగు’ కార్డు అస్సలు వాడకండి. ఆగు అంటే వస్తుంది అని అర్థం. లేదు అని చెప్పడానికి వేరే కార్డు ఉండాలి.

‘ముందు ఇది, తర్వాత అది’ అనే మాటకీ ఇదే నియమం. ముందు చొక్కా తర్వాత ఉయ్యాల అన్నారు, చొక్కా వేసుకున్నాడు. అప్పుడు ‘మంచివాడివి కదా, చెప్పులు కూడా వేసేసుకో’ అంటే ఒప్పందం తప్పింది మీరే. రెండు మూడుసార్లు అలా జరిగితే ఆ మాటకి విలువ పోతుంది, మళ్లీ తెచ్చుకోవడం కష్టం.

టైమర్ గురించి కొద్దిగా. ఫోన్ టైమర్ వద్దు, ఫోన్ చూడగానే వాడికి ఫోనే కావాలి. మూడు నిమిషాల ఇసుక గడియారం సరిపోతుంది, వాడు తిరగేయకుండా గాజు తలుపు వెనక పెట్టండి. టైమర్‌ని ఇష్టమైన ఆటలు ఆపడానికి మాత్రమే వాడితే అది శత్రువవుతుంది. ‘ఇసుక అయిపోతే ఉయ్యాల’ అని మంచి విషయాలు మొదలుపెట్టడానికి కూడా వాడండి. ఈ వయసులో ‘ఇంకో ఐదు నిమిషాలు’ కంటే ‘ఇంకో మూడు సార్లు ఊగి దిగుదాం’ బాగా అందుతుంది.

జ్ఞాపకం పెంచడానికి రైతు బజార్ మంచి చోటు. టమాటా, కొత్తిమీర రెండు ఫొటోలు చేతికివ్వండి, కొన్నవాటి ఫొటో సంచిలో వేయించండి. రద్దీ తక్కువగా ఉండే వేళ చూసుకుని వెళ్లండి. ఇంట్లో అయితే ‘గ్లాసు తీసుకురా’ అనేది మొదట వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పండి, తర్వాత హాల్లోంచి. దూరం పెరిగితే బుర్రలో నిలుపుకోవాల్సిన సమయం పెరుగుతుంది. ఒక వస్తువు హాల్లోంచి కుదిరాకే రెండో వస్తువు చేర్చండి. దూరం, సంఖ్య రెండూ ఒకేరోజు పెంచకూడదు. మీ మాటని వాడు తిరిగి చెప్పినంత మాత్రాన అర్థమైందని అనుకోకండి, కాళ్లు ఎటు కదిలాయో చూడండి.

ఇక మీరు అడిగిన ఆటో దారి. దీన్ని ఆటోలో మొదలుపెట్టకూడదు. ‘మార్పు’ అని ఒక నారింజ రంగు కార్డు చేయండి, దాని మీద పెద్ద ప్రశ్న గుర్తు. మొదటి పదిసార్లు అది మంచి మార్పులకే రావాలి. అట్ట మీద స్నానం ఉంది, దాని మీద ‘మార్పు’ అతికించి ఐస్‌క్రీమ్ ఫొటో పెట్టండి. ఆ కార్డు చూస్తే భయం కాదు, ‘ఏముందో’ అనే చూపు రావాలి. తర్వాత ఎటూ కాని మార్పులు, ఇడ్లీ అదే కానీ ప్లేటు వేరు. ఆ తర్వాతే దారి. బీచ్ రోడ్డులో వెళ్లాల్సింది వేరే రోడ్డులో వెళ్లాలంటే ఎక్కకముందే ఇంట్లో రెండు దారుల ఫొటోలూ చూపించి ‘మార్పు’ పెట్టండి, చివర్లో బడి గేటు ఫొటో అలాగే ఉందని చూపించండి. దారి మారింది, చేరే చోటు మారలేదు. మొదటి ప్రయత్నం సెలవు రోజున చేయండి, చివర ఇష్టమైన చోటు ఉండేలా చూసుకుని. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి బీచ్ ప్రయాణం ఆగిపోవడం మనకి మామూలే కాబట్టి, బయటికి వెళ్లే ప్రతిసారీ ప్లాన్ ఏ కింద ప్లాన్ బి ఫొటో కూడా ముందే పెట్టడం అలవాటు చేయండి. పైన బీచ్, కింద ఇంట్లో నీళ్ల టబ్బు.

ఏడుపు మొదలయ్యాక నేర్పడానికి చూడకండి. ఆ నిమిషంలో మాటలు తగ్గించడం, వెలుతురు, చప్పుడు తగ్గించడం, పక్కన ఉండటం, అంతే. నిద్ర సరిపోని రోజు, మలబద్ధకం ఉన్న రోజు, మన ఊరి ఉక్కపోతలో చెమటకి యూనిఫామ్ కాలర్ గుచ్చుకుంటున్న రోజు నిన్న వచ్చిన పని ఇవాళ రాదు. కాలర్ వెనక లేబుల్ కత్తిరించి, లోపల పాత కాటన్ బనియన్ వేసి చూడండి. ఆపుకోవడం నేర్పుతున్నాం కదా అని చేతులు ఊపడాన్ని, గుండ్రంగా తిరగడాన్ని మాత్రం ఆపించకండి. చాలామంది పిల్లలు తమను తాము కుదుటపరచుకునేది దానితోనే. అది తీసేస్తే మిగతావన్నీ ఇంకా కష్టమవుతాయి. వచ్చిన మాటలు పోవడం, శూన్యంలోకి చూస్తూ పిలిచినా పలకకపోవడం లాంటివి కొత్తగా కనిపిస్తే అట్టలు పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి.

ఇంట్లో తెలుగు, థెరపీలో ఇంగ్లీషు అయినా ఫర్వాలేదు, రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకి నష్టం లేదు. పనికి గుర్తుగా వాడే మాటలు మాత్రం రెండు చోట్లా ఒకటే ఉండాలి. ‘అయిపోయింది’ అన్నది మీదైతే థెరపిస్టునీ అదే అనమనండి. రెండు ఫొటోల చిన్న పట్టీ ఒకటి బడికి పంపి, బెంచీ మీద అతికించమని టీచర్‌ని అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, కాబట్టి సంకోచం అక్కర్లేదు.

గోడ క్యాలెండర్‌లో రోజుకొక అక్షరం రాయండి. చేయి పట్టి చేయిస్తే ‘ప’, తాకితే ‘తా’, చూపిస్తే ‘చూ’, తనే చేస్తే ‘త’. ఒకసారికి ఒక పనికే రాయండి. రెండు వారాలు ‘ప’ దగ్గరే ఉంటే తప్పు వాడిది కాదు, అడుగు పెద్దదైంది, దాన్ని రెండు ముక్కలు చేయండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అట్ట కూడా సంచిలో పెట్టుకెళ్లండి, అక్కడి బాత్రూమ్, అక్కడి బకెట్ ఫొటోలు ముందుగా తెప్పించుకుని. తిరిగొచ్చాక ‘త’ దగ్గరున్నవాడు ‘తా’కి జారితే కంగారుపడకండి, ఆ మెట్టు నుంచే మళ్లీ ఎక్కించండి. రెండోసారి చాలామంది పిల్లలు త్వరగానే ఎక్కుతారు.