డాక్టర్ సలహా: అమ్మానాన్నలదీ మేనరికమే.. నేనూ బావనే చేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 25. మాది చిత్తూరు దగ్గర పల్లె. బీఎస్సీ జువాలజీ చదివి తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్న మా అమ్మకు సొంత మేనమామ, అంటే మా అమ్మమ్మకు తమ్ముడు. ఇప్పుడు మా అమ్మ వాళ్ల అన్న కొడుకుతో నాకు సంబంధం అనుకుంటున్నారు (మా అత్తది మాత్రం బయటి సంబంధం). ఆషాఢం పోగానే తాంబూలాలట. బావంటే నాకూ ఇష్టమే. కానీ మా పెద్దమ్మ కూతురు వాళ్ల మేనత్త కొడుకును చేసుకుంది, వాళ్ల బిడ్డకు పుట్టుకతోనే చెవుడు. ఇంట్లో ఆ మాటెత్తితే 'గోత్రాలు వేరు, బ్లడ్ గ్రూపులు కూడా వేరు, ఇంకేం టెన్షన్' అంటున్నారు. మా మామయితే 'పుంగనూరు ఆవులు సొంత మందలోనే ఈనడం లేదా' అని నవ్వుతాడు. అసలు బిడ్డకు ఇద్దరు కావాలని ప్రకృతి ఎందుకు పెట్టింది? ఆ ఇద్దరూ దగ్గరి రక్తమైతే ఏమవుతుంది?

జవాబు: తాంబూలాలు రెండు మూడు నెలలు వెనక్కి జరపండమ్మా. పెళ్లి మానుకోమని కాదు, మీ అక్క బిడ్డకు ఒక రక్తపరీక్ష, మీకూ మీ బావకూ ఒకటి చేయించుకుని, ఆ రిపోర్టులు చూశాక ముహూర్తం పెట్టుకోమని. ఎందుకో తెలియాలంటే మీరు చివర్లో అడిగిన ప్రశ్న నుంచే మొదలుపెట్టాలి, మీ ఇంట్లోవాళ్ల మాటలకు జవాబంతా అందులోనే ఉంది.

మీ జిల్లా మామిడి తోటనే చూడండి. తోతాపురి అంటు మొక్కలు తెచ్చి నాటితే వందకు వంద చెట్లూ ఒకే రకం కాయ కాస్తాయి, ఒక తల్లి చెట్టు కొమ్మల నుంచే కదా అన్నీ వచ్చాయి. అదే టెంక నాటితే ఏం కాయ వస్తుందో ఎవరూ చెప్పలేరు, అందుకే తోట వేసే రైతు టెంకను నమ్ముకోడు. అంటు మొక్క ఆడా మగా ప్రమేయం లేని సంతానం. టెంక మొక్క అలా కాదు, ఏ ఈగో మోసుకొచ్చిన ఇంకో చెట్టు పుప్పొడి అందులో సగం. మంచి కాయ చేతికొచ్చాక దాన్ని అలాగే నిలుపుకోవడం రైతు తెలివి. మరి ప్రకృతి కనీసం వంద కోట్ల ఏళ్లుగా ఆ కాయను మళ్లీ మళ్లీ కలగాపులగం చేస్తూ ఎందుకు కూర్చుంది?

జువాలజీ చదివారు కాబట్టి చెప్తున్నాను, ఇది ఇప్పటికీ జీవశాస్త్రంలో పెద్ద చిక్కుముడే. ఆడా మగా పద్ధతి మహా ఖర్చుతో కూడుకున్నది. తోడు వెతుక్కోవాలి, దాని కోసం కొట్టుకోవాలి, కలిసినప్పుడు రోగాలు అంటుకుంటాయి, ఇన్ని చేసినా పుట్టినవాటిలో సగం మగవి, అవి గుడ్డు పెట్టవు బిడ్డను మోయవు. మగ అవసరం లేకుండా ఆడపిల్లల్నే కనే జీవి ఉంటే ప్రతి తరంలోనూ దాని సంతతి రెండింతల వేగంతో పెరగాలి కదా అని జాన్ మేనార్డ్ స్మిత్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1970లలో లెక్క వేసి చూపించాడు. అలాంటివి లేకపోలేదు కూడా. అమెరికా ఎడారుల్లో విప్‌టెయిల్ అనే బల్లుల్లో కొన్ని జాతులకు మగదే లేదు. 2006లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో కొమొడో డ్రాగన్ అనే పెద్ద బల్లి ఒకటి మగ వాసన తగలకుండానే పిల్లలయ్యే గుడ్లు పెట్టింది. మన చేలల్లో కనిపించే పేనుబంక ఇంకా తెలివైంది, చలి దేశాల్లో అది వేసవంతా మగ లేకుండా పిల్లల్ని కనేస్తుంది, చలికాలం ముంచుకొస్తుందనగా మాత్రం మగవాటిని పుట్టించి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. కాలం బాగున్నప్పుడు అంటు, ముందు ఏమొస్తుందో తెలియనప్పుడు టెంక అన్నమాట.

ఎందుకంటే మొదటి కారణం రోగాలు. బ్యాక్టీరియా, వైరస్, బూజు ఇవన్నీ మనకంటే ఎంతో వేగంగా మారతాయి. మనం తరతరానికీ తాళం మార్చకపోతే అవి తాళంచెవి చేసుకుని వచ్చేస్తాయి. అరటిలో అదే జరిగింది. ఒకప్పుడు ప్రపంచం మొత్తానికీ ఎగుమతయ్యే అరటి గ్రో మిషెల్ అనే రకం, అన్నీ పిలకల నుంచి వచ్చిన కవల మొక్కలే, పనామా తెగులు అనే బూజు ఒక్క మొక్కను పడగొట్టడం నేర్చుకుంటే చాలు, అన్నిటినీ పడగొట్టినట్టే, 1950లు దాటేసరికి ఆ వ్యాపారమే మూతపడి ఇప్పుడు మనం తినే కావెండిష్‌కు మారాల్సి వచ్చింది. అదీ పిలకల మొక్కే, దాన్నీ ఇప్పుడు ఆ తెగులులోనే కొత్త రకం పట్టుకుంటోంది.

రెండో కారణం మీ పెళ్లికి నేరుగా సంబంధించినది. డీఎన్ఏను కాపీ చేసేటప్పుడు తప్పులు దొర్లుతాయి. మీలో, నాలో, ప్రతి మనిషిలోనూ అమ్మకూ నాన్నకూ లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి, చాలావరకు హాని చేయనివే. అంటు పద్ధతిలో ఈ తప్పులు జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు పేరుకుంటూ పోతాయే గానీ తగ్గే దారి లేదు. ఇద్దరు కలిస్తే దారి ఉంది. దాదాపు ప్రతి జన్యువుకూ మనకు రెండు కాపీలు, ఒకటి అమ్మది ఒకటి నాన్నది, ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. బండిలో స్టెప్నీ లాగా. అందుకే చెడిన కాపీలు కొన్ని ప్రతి ఆరోగ్యవంతుడిలోనూ చడీచప్పుడు లేకుండా ఉంటాయి. నాలోనూ ఉంటాయి.

ఇక కలపడం ఎంత గట్టిగా కలుపుతుందంటే, మీకున్న 23 జతల క్రోమోజోములలో ఒక్కో జత నుంచి ఒకటి ఏరి అండంలో పెట్టడానికి ఉన్న దారులు 83,88,608. అంటే దాదాపు 84 లక్షలు. మన పెద్దలు చెప్పే ఎనభై నాలుగు లక్షల జీవరాశులకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, అంకె కలిసింది అంతే, వాట్సాప్‌లో మాత్రం ఫార్వర్డ్ చేయకండి. నాన్న వైపు కూడా అన్నే దారులు, రెండూ కలిపితే 70 లక్షల కోట్ల పైమాట, జతలోని రెండు క్రోమోజోములూ తమలో తాము ముక్కలు మార్చుకోవడం లెక్కలో కలపకుండానే. ఇంకో సంగతి, ఆడపిల్లలో ఈ పని తల్లి కడుపులో ఉండగానే మొదలై మధ్యలో ఆగి ఉంటుంది. మిమ్మల్ని పుట్టించిన అండం మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారవడం మొదలైంది. ఆ అమ్మమ్మే మీ బావకు నాన్నమ్మ. ఇక్కడే చిక్కంతా.

ఆమెలో ఒక చెడిన కాపీ ఉందనుకోండి. అది మీ అమ్మకు రావడానికి సగం అవకాశం, మీ మామకు రావడానికి సగం, వాళ్ల నుంచి మీకు సగం, మీ బావకు సగం, మళ్లీ మీ ఇద్దరి నుంచి బిడ్డకు చెరో సగం. ఆరు సగాలు గుణిస్తే 64లో 1. అమ్మమ్మ రెండు కాపీలు, తాత రెండు కాపీలు, నాలుగిటికీ కలిపితే 16లో 1. అంటే బిడ్డ జన్యువుల్లో సగటున 16లో ఒక వంతుకు స్టెప్నీ ఉండీ లేనట్టే, టైరుకు ఎక్కడ మేకు దిగిందో దానికీ అక్కడే దిగి ఉండొచ్చు. మామూలు మేనరికం లెక్క ఇది. అక్క కూతురిని చేసుకుంటే 8లో 1. మీది ఈ రెండూ కాదమ్మా. మీ నాన్న మీ అమ్మమ్మకు తమ్ముడు కాబట్టి ఆయన వైపు నుంచి కూడా మీకూ బావకూ చుట్టరికం ఉంది, దాన్నీ కలిపితే 32లో 3 అవుతుంది. మామూలు బావామరదళ్ల కంటే ఒకటిన్నర రెట్లు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది అక్క బిడ్డ చెవుడు కంటే ఈ మాటే.

భయపెట్టడానికి కాదు. చుట్టరికం లేని దంపతులకు పుట్టే వంద మందిలో ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద పుట్టుకలోపం ఉంటుంది. బావామరదళ్ల పెళ్లిలో అది సుమారు నలుగురి నుంచి ఆరుగురు. మీది కొంచెం ఎక్కువే ఉండొచ్చు. అయినా ఎక్కువ మంది బిడ్డలు మామూలుగానే పుడతారు, కాబట్టే 'మా అమ్మమ్మ వాళ్లకు ఏమైంది, నీకేమైంది' అనే మాట ప్రతి ఇంట్లోనూ చెల్లుతుంది. ఆంధ్రలో ఇప్పటికీ దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు చుట్టరికంలోనే జరుగుతున్నాయి, ఆచారం ఉన్నచోట హిందూ వివాహ చట్టం కూడా అడ్డు చెప్పదు. ఇది పల్లెటూరి అజ్ఞానం అని ఎవరైనా అంటే చార్లెస్ డార్విన్ సంగతి చెప్పండి. 1839లో ఆయన చేసుకున్న ఎమ్మా మన లెక్కలో స్వయానా మేనమామ కూతురు. పది మంది పిల్లలు, ముగ్గురు చిన్నతనంలోనే పోయారు, మిగిలినవాళ్లలో ముగ్గురు కొడుకులు రాయల్ సొసైటీ అనే బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘంలో సభ్యులయ్యారు. ఆయనకు మాత్రం ఆ దిగులు పోలేదు. మొక్కల్ని సొంత పుప్పొడితో, వేరే మొక్క పుప్పొడితో విడివిడిగా పెంచి, సొంత పుప్పొడివి ఎక్కువగా నీరసంగా వస్తున్నాయని చూసి 1876లో పెద్ద పుస్తకమే వేశాడు. దానికి ముందే, 1871 జనాభా లెక్కల్లో మేనరికాల గురించి ఒక ప్రశ్న చేర్చమని అడిగించాడు, పార్లమెంటు ఒప్పుకోలేదు.

ఇక గోత్రం. అది తండ్రి నుంచి కొడుక్కి పోయేది, కాబట్టి జీవశాస్త్రంలో మహా అయితే మగవాళ్లకే ఉండే ఒక్క వై క్రోమోజోమ్ దారిని చూపిస్తుంది. అమ్మ వైపు నుంచి వచ్చే రక్తం దానికి కనపడదు. గోత్రం వేరైన మీ బావ మీకు దగ్గరి రక్తం, అదే గోత్రం ఉన్న ఎక్కడో విజయనగరం అబ్బాయితో మీకు అంత దగ్గరి చుట్టరికం ఉండే అవకాశం చాలా తక్కువ. బ్లడ్ గ్రూపుతో కూడా దీనికి పని లేదు, గ్రూపులు ఒకటైనా వేరైనా జన్యులోపం లెక్క మారదు. మీరు నెగెటివ్, ఆయన పాజిటివ్ అయితే మాత్రం గర్భం వచ్చినప్పుడు డాక్టరుకు చెప్పండి, బిడ్డకు ఇబ్బంది రాకుండా యాంటీ-డీ అనే ఇంజెక్షన్ ఉంది, అంతే.

మీ మామ ఆవుల మాట. నేను పశువుల డాక్టరును కాను గానీ ఒకే ఆబోతును దాని కూతుళ్లకూ మనవరాళ్లకూ దాటిస్తూ పోతే చూడి నిలవకపోవడం, పాలు తగ్గడం, దూడలు బక్కగా పుట్టడం జరుగుతుందని పశువులు మేపే ఎవరినడిగినా చెప్తారు, ఆబోతును మార్చేది అందుకే. పైగా బక్కదూడ చచ్చిపోతే మంద లెక్కలో ఒకటి తగ్గుతుంది, మనింట్లో అలా అనుకోగలమా? అడవిలోనూ అంతే. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిలో తిరిగే ఏనుగులే తీసుకోండి, మగ ఏనుగు ఈడుకొచ్చాక తల్లి మందను వదిలి వెళ్లిపోతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. మీ అక్క చేసుకున్నది వాళ్ల మేనత్త కొడుకును, అంటే మీ పెదనాన్న వైపు. ఆ బిడ్డలో రెండు చెడిన కాపీలూ పెదనాన్న వంశం నుంచే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ, అదే నిజమైతే మీకూ మీ బావకూ ఆ చెవుడుతో ఏ సంబంధమూ లేదు. అసలు అది జన్యువుల వల్ల కాకుండా గర్భంలో ఇన్ఫెక్షన్ వల్లో, నెలలు నిండక పుట్టడం వల్లో అయి ఉండొచ్చు కూడా. ఊహతో తేలేది కాదు, బిడ్డకు జన్యు పరీక్ష చేయించాలి. ఏ జన్యువులో ఏ తప్పో దొరికితే మీ ఇద్దరిలో దాన్ని వెతకడం చాలా సులువు.

దానితోపాటు మీరిద్దరూ క్యారియర్ స్క్రీనింగ్ చేయించుకోండి. తలసీమియా (రక్తం సరిగా తయారుకాని జబ్బు), స్పైనల్ మస్క్యులర్ ఎట్రోఫీ (కండరాలు క్షీణించే జబ్బు) లాంటి వందల జబ్బులకు చెడిన కాపీ ఇద్దరిలోనూ ఉందేమో అది చెప్తుంది. ఖర్చు తక్కువ కాదు, పెళ్లి మండపం ఖర్చు పక్కన పెట్టి చూస్తే ఎక్కువా కాదు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో జెనెటిక్స్ (జన్యు వైద్య) విభాగం ఉంది, అక్కడ కౌన్సెలింగ్‌కు వెళ్లేటప్పుడు మూడు తరాల వంశవృక్షం కాగితం మీద గీసుకుని వెళ్లండి, చిన్నప్పుడే పోయిన పిల్లలు, పోయిన గర్భాలు కూడా దాచకుండా రాయండి. ఆ కాగితానికి మీ అమ్మమ్మ దగ్గర కూర్చోండి, ఇలాంటివి ఆవిడకే గుర్తుంటాయి.

ఇద్దరిలోనూ ఒకే తప్పు దొరికితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. అప్పుడు కూడా దారులున్నాయి, 11 నుంచి 13 వారాల మధ్య మావి ముక్కతోనో, 16 వారాల తర్వాత ఉమ్మనీటితోనో బిడ్డను పరీక్షించవచ్చు. ఏమీ దొరక్కపోతే ప్రమాదం చాలా తగ్గినట్టే గానీ సున్నా అయినట్టు కాదు, ఎందుకంటే పరీక్షకు తెలిసిన జబ్బుల్నే అది వెతుకుతుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు కనీసం నెల ముందు నుంచి ఫోలిక్ యాసిడ్, 18 నుంచి 20 వారాలకు బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్, ఇవి ఎవరిని చేసుకున్నా తప్పనివే. బిడ్డ పుట్టాక నెలలోపు వినికిడి పరీక్ష మాత్రం మరవద్దు, నొప్పి లేని పని, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మీ అక్క బిడ్డకు ఇప్పుడు ఎన్ని నెలలో మీరు రాయలేదు. ఏడాది లోపే అయితే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) గురించి చెవి డాక్టరును ఈ వారమే కలవమనండి, మాటలు నేర్చుకునే వయసు దాటేకొద్దీ దానివల్ల వచ్చే ఫలితం తగ్గిపోతుంది.