కష్టాల్లో, సేవలో నమ్మకంగా నిలబడటం అంటే ఏమిటి?

బాధను పళ్ల బిగువున భరించడమే విశ్వాసం అనుకుంటాం. నా దృష్టిలో అది సగమే. ఆ బాధలోనూ పక్కవాడి ఆకలి కనబడాలి, చేతిలోని పని ఆగకూడదు.

1876-78 నాటి కరువు చూడండి. ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు 3 మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి పని ఇచ్చారు. తెలుగు బోధకులే మేస్త్రీలు. పలుగూ పారా పక్కన పెట్టి కూలీలు కూర్చునే వేళ, వారి మధ్యే కూర్చుని క్రీస్తు మాటలు చెప్పేవారు. బోధకులకు మాత్రం కరువు లేదా? అదే ఎండ, అదే గంజి.

నన్ను బాగా కదిలించేది మరొకటి. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. అడిగినవారినీ ఆగమన్నారు. సహాయ పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి.

ఆ సంఖ్య అందరికీ గుర్తుంది. నాకైతే అంతకుముందు కాలువ గట్టు మీద గడిచిన నెలలే గుర్తొస్తాయి.