స్టెంటు, షుగర్ ఉన్నవారు 63 ఏళ్ల వయసులో సాఫ్ట్‌బాల్ లీగ్‌లో ఆడవచ్చా?

ప్రశ్న: నా వయసు 63 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. పాతికేళ్లకు పైగా అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లానోలో ఉంటున్నాం. ఉద్యోగ విరమణ తర్వాత పొరుగింటాయన పిలిస్తే 60 ఏళ్లు పైబడినవారి స్లో పిచ్ సాఫ్ట్‌బాల్ లీగ్‌లో చేరాను. కాలేజీ రోజుల్లో క్రికెట్ బాగా ఆడేవాణ్ని. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది; మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. బీపీకి లోసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. రెండేళ్ల క్రితం గుండెకు ఒక స్టెంటు వేశారు. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్ కొనసాగుతున్నాయి. మూడు వారాల క్రితం బంతి కొట్టి మొదటి బేస్‌కు పరిగెత్తుతుంటే ఎడమ తొడ వెనుక ఒక్కసారిగా పట్టేసింది. ఇప్పుడు మామూలుగానే నడుస్తున్నాను కానీ వేగంగా అడుగేస్తే లాగుతోంది. బంతి విసిరితే కుడి భుజం నొప్పి పెడుతోంది. ఇండియా నుంచి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ వేసుకుంటే తగ్గుతోంది. ఈ వయసులో ఈ ఆటలేమిటని మా ఆవిడ, హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు కోప్పడుతున్నారు. మరో నెలలో టోర్నమెంటు ఉంది. ఆడవచ్చా?
– ఒక పాఠకుడు, ప్లానో

సమాధానం: మీరు ఆట మానేయనక్కరలేదు. అయితే వచ్చే నెల టోర్నమెంటు ఆడాలా వద్దా అన్నది తేదీని బట్టి కాకుండా మీ తొడ కండరం, మీ గుండె పరీక్ష ఏమి చెబుతాయో చూసి నిర్ణయించవలసిన విషయం. డైక్లోఫెనాక్ మాత్రం ఈ రోజే ఆపేయండి. కారణం కింద వివరిస్తాను.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. స్లో పిచ్ సాఫ్ట్‌బాల్‌లో బంతిని చేతి కిందుగా, గాలిలో ఎత్తుగా వంపు తిరిగి పడేలా వేస్తారు కనుక బ్యాటరు దాన్ని కొట్టడం బేస్‌బాల్‌లో కన్నా తేలిక; కొట్టిన తర్వాత మొదటి బేస్‌కు, అంటే మైదానంలో పరిగెత్తి చేరవలసిన గుర్తుల్లో మొదటిదానికి, పరిగెత్తాలి. శరీర శ్రమను కొలిచే లెక్కలో సాఫ్ట్‌బాల్‌కు సుమారు 5 మెట్స్ ఇస్తారు (ఊరికే కూర్చున్నప్పటి శ్రమ ఒక మెట్). అంటే చురుకైన నడకకు దాదాపు సమానమన్న మాట. రోజూ గంటసేపు నడిచేవారికి ఇది పెద్ద శ్రమగా కనిపించదు, మీరు కూడా అలాగే అనుకొని చేరి ఉంటారు. కానీ అది ఆట మొత్తానికి తీసిన సగటు. నిజానికి మీరు పదిహేను ఇరవై నిమిషాలు బెంచి మీద కూర్చుని, కండరాలు చల్లబడిన తర్వాత లేచి, ఒక్క దెబ్బ కొట్టి, 65 నుంచి 70 అడుగుల దూరాన్ని ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తి, ఆ వెంటనే ఆగిపోతారు. తొడ వెనుక కండరాలు, పిక్క, మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయువు దెబ్బతినేదీ, మూసుకుపోతున్న గుండె రక్తనాళం మొదటిసారి ఇబ్బంది పెట్టేదీ ఎక్కువగా ఈ ఇరవై మీటర్లలోనే. మీకు ఇవ్వబోయే సలహాలో చాలా భాగం ఆ ఇరవై మీటర్ల గురించే.

సీనియర్ లీగ్‌ల నియమాలు వయసును దృష్టిలో పెట్టుకుని రాసినవే. మొదటి బేస్ దగ్గర ఫీల్డరుకు ఒకటి, పరిగెత్తేవారికి ఒకటి చొప్పున రెండు బేస్‌లు పక్కపక్కనే ఉంచడం, బ్యాటరు నిలబడే, పరుగు ముగిసే చోటైన హోమ్ ప్లేట్ దగ్గర ఢీకొనకుండా పరుగు పూర్తిచేసేవారికి వేరే ప్లేట్ పెట్టడం, చాలా చోట్ల మైదానంలో పది మందికి బదులు పదకొండు మందిని నిలబెట్టడం వంటివి వీటిలో ఉన్నాయి. బేస్ చేరిన తర్వాత మీ బదులు మరొకరు పరిగెత్తే వెసులుబాటు కూడా ఉంది. అంతర్జాతీయ క్రికెట్‌లో 2011లో ఐసీసీ తీసేసిన రన్నర్ పద్ధతి ఇక్కడ హాయిగా బతికే ఉందని తెలిస్తే మీలాంటి పాత క్రికెటర్లు సంతోషిస్తారు. చిక్కేమిటంటే, మామూలుగా ఆ వెసులుబాటు మీరు మొదటి బేస్‌కు చేరిన తర్వాతే వర్తిస్తుంది, అక్కడి వరకు పరిగెత్తవలసింది మీరే. కాబట్టి రన్నర్ ఉన్నాడు కదా అన్న ధైర్యంతో గాయం మానకుండా బరిలోకి దిగడం వల్ల ప్రయోజనం లేదు.

ముందుగా గుండె సంగతి. స్టెంటు వేసి రెండేళ్లయింది, మాత్రలు క్రమంగా వాడుతున్నారు, నడిస్తే ఛాతీలో ఇబ్బంది ఉన్నట్టు రాయలేదు. ఇవన్నీ మంచి విషయాలే. అయితే పన్నెండేళ్లుగా షుగర్ ఉన్నవారిలో నరాలు మందగించి గుండెపోటు సంకేతాలు స్పష్టమైన నొప్పిగా కాక ఆయాసం, దవడలోనో పై పొట్టలోనో బిగువు, కారణం తెలియని నీరసం రూపంలో రావచ్చు. పైగా దక్షిణాసియా వాళ్లలో గుండె జబ్బు ఇతరులకన్నా చిన్న వయసులో, వేగంగా ముదురుతుందన్నది బాగా తెలిసిన విషయమే. అందువల్ల ఆటకు తిరిగి వెళ్లేముందు మీ కార్డియాలజిస్టును కలిసి, మీరు ఆడేది కేవలం నడకలాంటి వ్యాయామం కాదని, మధ్యమధ్యలో పూర్తి వేగంతో పరుగులుంటాయని విడమరచి చెప్పి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని అడగండి. సాఫ్ట్‌బాల్ అనగానే పెద్దలు ఆడే తేలికపాటి ఆట అనుకొని సరేనన్న డాక్టర్లు ఉంటారు. వారి తప్పు కాదు, ఎవరూ పరుగు గురించి చెప్పరు. మైదానంలో గుండెను మళ్లీ కొట్టుకునేలా చేసే ఏఈడీ పరికరం ఎక్కడ ఉందో మీ జట్టులో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. ఛాతీ బిగువు, అసాధారణమైన ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఇన్నింగ్స్ పూర్తయ్యేదాకా ఆగకుండా కూర్చోండి. కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయించండి, సొంత కారులో ఆసుపత్రికి బయలుదేరకండి.

ఇక తొడ వెనుక పట్టేసిన నొప్పి. మీ వివరాలను బట్టి అది హ్యామ్‌స్ట్రింగ్ కండరం సాగి చిన్నగా చిరిగిన గాయంలా ఉంది. చిన్న గాయమైతే రెండు మూడు వారాల్లో, కాస్త పెద్ద చిరుగైతే నెల నుంచి రెండు నెలల్లో మానుతుంది. మూడు వారాల తర్వాత కూడా వేగంగా అడుగేస్తే లాగుతోందంటే అది రెండో రకానికి దగ్గరగా ఉందని అనుకోవాలి. గాయమైనప్పుడు టప్‌మని శబ్దం వచ్చి ఉంటే, మర్నాడు నల్లగా కమిలి ఉంటే, కూర్చునే చోట ఎముక దగ్గర నొప్పి ఉంటే ఎముక నుంచి స్నాయువు ఊడిందేమో చూడటానికి ఎంఆర్‌ఐ చేయించాలి. నడుము నుంచి కాలి వేళ్ల దాకా పాకే నొప్పి అయితే అది వెన్ను నరానిది. కొంత దూరం నడిచాక పిక్క పట్టేసి ఆగితే తగ్గేది కాలి రక్తనాళాలదీ కావచ్చు, షుగర్ ఉన్నవారు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అటోర్వాస్టాటిన్ వల్లే ఇదంతా అని ఎవరైనా చెబితే నమ్మి ఆ మాత్ర ఆపకండి: స్టాటిన్ నొప్పులు సాధారణంగా రెండు కాళ్లలో సమానంగా వస్తాయి, పరుగు మధ్యలో ఒక్క కాలిలో, ఒక్క క్షణంలో రావు.

ఈ గాయంతో వచ్చే అసలు సమస్య అది మళ్లీ మళ్లీ రావడం. ఒకసారి చిరిగిన కండరం మళ్లీ చిరిగే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా నొప్పి తగ్గింది కదా అని బలం తిరిగి రాకముందే పరుగు మొదలుపెట్టేవారిలో. కాబట్టి విశ్రాంతి మాత్రమే చాలదు. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే వ్యాయామంతో మొదలుపెట్టి, ఆపై అదే ఒంటికాలి మీద, తర్వాత కండరం సాగుతూనే బరువు మోసే వ్యాయామాలకు కొన్ని వారాల పాటు నెమ్మదిగా వెళ్లాలి. రెండు కాళ్ల బలం సమానమై, నేరుగా పూర్తి వేగంతో పరిగెత్తి ఆగినా నొప్పి లేనప్పుడే ఆటకు వెళ్లాలి. ఆట రోజున పది నిమిషాలు వేగంగా నడిచి, కాళ్లు ఊపి, క్రమంగా వేగం పెంచుతూ మూడు నాలుగు చిన్న పరుగులు తీయండి. బెంచి మీద ఎక్కువసేపు కూర్చోకుండా, మీ బ్యాటింగ్ వంతుకు ఇద్దరు ముందున్నప్పుడే లేచి అటూ ఇటూ నడవండి. కదలకుండా వంగి వేళ్లు అందుకునే పాత పద్ధతి సాగదీతలు ఆట ముందు పెద్దగా ఉపయోగపడవు.

సూట్‌కేసులో వచ్చిన మాత్రల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఒకే కుటుంబానికి చెందినవి. లోసార్టాన్, నీళ్లు పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్న వ్యక్తి వీటిని కూడా వేసుకుని, టెక్సాస్ ఎండలో చెమటోడ్చి ఆడితే మూత్రపిండాలకు రక్తసరఫరా ఒక్కసారిగా తగ్గిపోయే ప్రమాదం ఉంది. గుండెకు స్టెంటు ఉన్నవారిలో డైక్లోఫెనాక్ గుండెపోటు ముప్పును పెంచుతుంది, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. నొప్పికి పారాసిటమాల్ వాడండి. అమెరికాలో అది ఎసిటమినోఫెన్ పేరుతో దొరుకుతుంది. అదే సూట్‌కేసులో జ్వరానికీ విరేచనాలకీ తెచ్చుకున్న సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటివి ఉంటే వాటినీ సొంతంగా వాడకండి. 60 దాటినవారిలో ఆ రకం యాంటీబయాటిక్స్ వల్ల అకిలీస్ స్నాయువు తెగే ముప్పు పెరుగుతుందని 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. పరిగెత్తే ఆట ఆడేవారికి ఇది మరీ ముఖ్యం.

భుజం నొప్పికి రెండు కారణాలు ఉండవచ్చు, ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. మీ చేతిని వదులుగా ఉంచి, మరొకరిని పైకెత్తమనండి. వారు ఎత్తినా చేయి పూర్తిగా లేవకపోతే అది షుగర్ ఉన్నవారిలో తరచుగా కనిపించే ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. వారు ఎత్తితే లేచి, మీరు స్వయంగా ఎత్తినప్పుడో విసిరినప్పుడో మాత్రమే నొప్పి పెడితే భుజాన్ని తిప్పే రొటేటర్ కఫ్ స్నాయువుల్లో అరుగుదలో చిరుగో ఉండి ఉంటుంది. రెండింటికీ చికిత్స వేరు కనుక ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఈలోగా ఔట్‌ఫీల్డ్ నుంచి నేరుగా విసిరే బాధ్యత వదిలి, మొదటి బేస్ దగ్గర గానీ, బ్యాటరు వెనుక బంతి పట్టే క్యాచర్‌గా గానీ నిలబడతానని కెప్టెన్‌కు చెప్పండి. క్రికెట్‌లో బౌండరీ దగ్గర నుంచి వికెట్లకు విసిరిన అలవాటు భుజానికి గుర్తుంటుంది, కానీ ఆ భుజం ఇప్పుడు 63 ఏళ్లది.

షుగర్ విషయంలో మీ మాత్రల కలయిక ప్రత్యేకంగా గమనించదగినది. గ్లిమిపిరైడ్ ఆట సమయంలోనూ ఆ రాత్రీ కూడా షుగర్‌ను మరీ తగ్గించగలదు. తగ్గినప్పుడు వచ్చే గుండెదడ, చేతుల వణుకును మెటోప్రొలాల్ కప్పేస్తుంది. మిగిలే ముఖ్య సంకేతం చెమట. ఎండలో ఆడుతున్నప్పుడు ఆ చెమట షుగర్ తగ్గడం వల్ల వచ్చిందో ఎండ వల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. అందుకే ఆటకు ముందు, ఆట మధ్యలో ఒకసారి గ్లూకోమీటరుతో చూసుకోండి. 100 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల పిండిపదార్థం, అంటే అర కప్పు పండ్ల రసం గానీ మూడు నాలుగు గ్లూకోజ్ బిళ్లలు గానీ తీసుకున్నాకే దిగండి. ఆట ఉన్న రోజుల్లో గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించాలా అన్నది మీ డాక్టరునే అడగండి. ఇంటికి వచ్చాక బూట్లు విప్పి అరికాళ్లు చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదంలో పొక్కు మీకు తెలియకుండానే పుండవుతుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలతో కిందికి వచ్చే బంతి మసకగా కనిపిస్తుంది కనుక ఆటకు దూరపు చూపు అద్దాలు విడిగా, పగలని పాలీకార్బొనేట్‌తో చేయించుకోండి. బంతి వేసే స్థానంలో ముఖానికి మాస్కు లేకుండా ఎప్పుడూ నిలబడకండి. ఆస్పిరిన్ మీద ఉన్నవారికి తలకు బలమైన దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు అనిపించినా ఆసుపత్రిలో చూపించుకోవాలి.

మీ ఇంటివారి ఆందోళనలో న్యాయం ఉంది, ఎందుకంటే వారు చూసింది గాయాన్నీ స్టెంటునూ. అయితే వయసే అభ్యంతరమైతే, ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 75 ఏళ్లు నిండినవారి కోసమని మొదలైన ఒక సాఫ్ట్‌బాల్ క్లబ్ 1930 నుంచి ఉందని మీ చెల్లెలుగారికి చెప్పండి. మీ శ్రీమతిగారిని మాత్రం కార్డియాలజిస్టు దగ్గరకు తోడు తీసుకువెళ్లడం మంచిది, ఆమె అడగదలచుకున్న ప్రశ్నలు అక్కడే అడగవచ్చు.

టోర్నమెంటు సంగతికి వస్తే, అలాంటి పోటీల్లో ఒకే రోజు రెండు మూడు ఆటలుంటాయి. అలసిన కండరమే రెండోసారి చిరుగుతుంది. పోటీకి వారం ముందు పూర్తి వేగంతో నాలుగైదు సార్లు ఇరవై మీటర్లు పరిగెత్తి చూడండి. ఆ పూటా మర్నాడూ తొడలో ఏ లాగుడూ లేకపోయి, కార్డియాలజిస్టు అనుమతి కూడా చేతికి వస్తే రోజుకు ఒక ఆట చొప్పున ఆడండి. రెండింటిలో ఏది లేకపోయినా ఈసారి స్కోరు పుస్తకం పట్టుకుని కూర్చోండి, వచ్చే సీజన్‌కు మొదటి ఆట నుంచే పేరు ఇవ్వండి.