విదేశాల్లో అగ్రానమీ పీహెచ్‌డీ: మెయిల్‌కి జవాబెందుకు రావడం లేదు?

ప్రశ్న: ఎమ్మెస్సీ అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) పూర్తయింది. థీసిస్ మొక్కజొన్నలో నత్రజని మోతాదుల మీద చేశాను. ర్యాంకింగ్ చూసి ఇరవై విదేశీ యూనివర్సిటీల ప్రొఫెసర్లకు మెయిల్ పెడితే ఒక్కరూ జవాబివ్వలేదు. నా మార్కులు సరిపోవా? ఫీజులు తల్చుకుంటే ఇంకా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మార్కుల సంగతి తర్వాత. ఆ ఇరవై మెయిళ్లలో ప్రొఫెసర్ పేరు తప్ప మిగతాదంతా ఒకటేనా? అయితే కారణం బహుశా అదే. అగ్రానమీలో పీహెచ్‌డీ సీటు చాలాచోట్ల గైడ్ దగ్గరున్న ప్రాజెక్టు డబ్బును బట్టి ఉంటుంది, ఆయనకు ఈ ఏడాది నత్రజని మీద గ్రాంటు ఉంటే మీలాంటివాళ్ల కోసం ఆయనే వెతుకుతుంటారు, లేకపోతే గోల్డ్ మెడల్ ఉన్నవాళ్లనైనా తీసుకోలేరు. ఐదుగురిని ఎంచుకోండి. ఒక్కొక్కరివి ఈమధ్య వచ్చిన పేపర్లు రెండేసి చదివి, మీ థీసిస్‌తో కలిసే చోటు పట్టుకుని పది వాక్యాల్లో రాయండి. పొగడ్తలొద్దు. మీ ప్రయోగ మడుల్లో ఏ నత్రజని మోతాదు దగ్గర దిగుబడి పెరగడం ఆగింది, ఎందుకని మీరనుకుంటున్నారు, అది చెప్పండి. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయండి, తప్పేం లేదు.

ఫీజులకు అంత భయపడక్కర్లేదు. అమెరికాలో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, అంటే గైడ్ ప్రాజెక్టులో పనిచేసే అవకాశం దొరికితే సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా స్టైపెండ్ కూడా వస్తుంది, కాకపోతే ముందు కోర్సులూ ఆ తర్వాత ప్రిలిమినరీ పరీక్షా ఉంటాయి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ యూనివర్సిటీలో చాలా పీహెచ్‌డీలకు ఉద్యోగానికి పిలిచినట్టే ప్రకటన ఇస్తారు, ఎంపికైతే జీతమే. ఆస్ట్రేలియాలో కోర్సులు పెద్దగా ఉండవు, నేరుగా పరిశోధనే. సొంత డబ్బు పెట్టుకుని చేరమంటే మాత్రం నేను వద్దనే అంటాను.

ర్యాంకింగ్ కంటే నాకు ముఖ్యమనిపించేది పంట కాలం. పొలంలో చేసిన ట్రయల్‌ని రెండు సీజన్లైనా చేస్తేగానీ మంచి జర్నల్ తీసుకోదు. ఏడాదికి ఒక్కటే పంట వచ్చే చల్లటి దేశంలో ఒక వడగళ్ల వాన పడిందంటే ఏడాది పోయినట్టే, స్టైపెండ్ గడువు మాత్రం ఆగదు. అందుకని ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: పంట పోతే మన ప్లాన్ ఏంటి, గ్రీన్‌హౌస్ ఉందా, పాత ట్రయళ్ల డేటా వాడుకోవచ్చా అని. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం 1843 నుంచి నడుస్తోంది, అమెరికాలో ఇల్లినాయిస్ యూనివర్సిటీ ప్రయోగ పొలాలు, మారో ప్లాట్లు, 1876 నుంచి ఉన్నాయి. అలాంటి డేటా చేతికందితే ఒక సీజన్ దెబ్బతిన్నా థీసిస్ నిలబడుతుంది. అయితే దాన్ని విడదీసి చూడటానికి స్టాటిస్టిక్స్ రావాలి, ఈ ఖాళీలో ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్, ఏడాదికీ మడికీ ఉండే తేడాలను విడిగా లెక్కగట్టే మిక్స్‌డ్ మోడల్స్ నేర్చుకోండి. మీ సొంత థీసిస్ డేటాతోనే మొదలుపెట్టండి, అందులో గీసిన ఒక మంచి గ్రాఫ్‌ని తర్వాతి మెయిల్‌కి జతచేయవచ్చు.

ఆ గైడ్ దగ్గర ఇప్పుడున్న విద్యార్థుల్లో ఒకరికి కూడా రాయండి. థీసిస్ చాప్టర్ ఇస్తే గైడ్ ఎన్నాళ్లకు చూసి తిరిగిస్తారు, ఇంతకుముందు చేరినవాళ్లు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఈ రెండూ అడిగితే చాలు.