డీడాస్ దాడులను ఆపే ఉద్యోగం కావాలంటే...

ప్రశ్న: డిగ్రీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. చాలా పరికరాల నుంచి ఒకేసారి ట్రాఫిక్ పంపి వెబ్‌సైట్లను పడగొట్టే డీడాస్ దాడులను అడ్డుకునే రంగంలో స్థిరపడాలని ఉంది. ముందు దాడి చేసే టూల్స్ నేర్చుకోమని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. టూల్ నొక్కితే సర్వర్ పడిపోవడం కనిపిస్తుంది గానీ, ఎందుకు పడిందో తెలియదు. ఇంటర్వ్యూలో అడిగేది ఆ ‘ఎందుకు’ గురించే.

2016 అక్టోబరులో డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థపై జరిగిన దాడినే చూడండి. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలామందికి తెరుచుకోలేదు. దాడి వాటి సర్వర్ల మీద జరగలేదు. సైట్ పేరు కొడితే దాని ఐపీ అడ్రస్ చెప్పాల్సిన డీఎన్‌ఎస్ వ్యవస్థ ఉక్కిరిబిక్కిరైంది, అంతే. అంత ట్రాఫిక్ పంపినవాటిలో ఇళ్లలోని కెమెరాలు, రూటర్లు ఉన్నాయి. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చకపోవడంతో మిరాయ్ అనే మాల్‌వేర్ వాటిని తేలిగ్గా లోబరుచుకుంది. 2018 ఫిబ్రవరిలో ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్ మీదకు సెకనుకు 1.35 టెరాబిట్ల ట్రాఫిక్ వచ్చిపడింది. అక్కడ కిటుకు వేరు. ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండానే డేటా పంపే యూడీపీ పద్ధతిలో పంపినవారి అడ్రస్ నిజమైనదో కాదో సరిచూడరు. దాడి చేసేవాళ్లు గిట్‌హబ్ అడ్రస్‌తో చిన్న ప్రశ్నలు పంపితే, రక్షణ లేకుండా వదిలేసిన మెమ్‌క్యాష్‌డ్ (డేటాను మెమరీలో ఉంచి వేగంగా అందించే సాఫ్ట్‌వేర్) సర్వర్లు వేల రెట్లు పెద్ద జవాబులను గిట్‌హబ్‌కు పంపాయి.

డీఎన్‌ఎస్, టీసీపీ (కనెక్షన్ పెట్టుకుని డేటా పంపే పద్ధతి), యూడీపీ, రౌటింగ్ బాగా వస్తేనే ఇవి అర్థమవుతాయి. కాబట్టి ఈ ఏడాది నెట్‌వర్కింగ్, లైనక్స్ మీదే కూర్చోండి. వైర్‌షార్క్ అనే టూల్‌లో ప్యాకెట్లను (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కలను) ఒక్కొక్కటిగా చూడటం అలవాటు చేసుకోండి. మీ కంప్యూటర్‌లోనే రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకుని, బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా, సిన్ ఫ్లడ్ (కనెక్షన్లు అడిగి, పూర్తిచేయకుండా వదిలేసి సర్వర్‌ను నింపేసే దాడి) ఎలా ఉంటుందో, దాన్ని తట్టుకునే సిన్ కుకీలు ఆన్ చేస్తే ఏం మారుతుందో గమనించండి.

ఇతరుల సైట్ మీద మాత్రం ‘ఒక్కసారి టెస్ట్ చేద్దాం’ అని కూడా ప్రయత్నించవద్దు. డబ్బు తీసుకుని దాడి చేసిపెట్టే ‘స్ట్రెసర్’ సైట్ల జోలికి అసలే వెళ్లొద్దు. ఈ విషయంలో నాకు నిజంగా భయం ఉంది. మిరాయ్‌ను తయారుచేసినవాళ్లు ఇరవై, ఇరవై ఒకటేళ్ల కుర్రాళ్లు. ఎంతో తెలివైనవాళ్లే. 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఈ ఉద్యోగంలో అసలు కష్టం దాడిని, మామూలు రద్దీని వేరుచేసి గుర్తించడం. పరీక్ష ఫలితాలు వచ్చిన గంటలో సైట్ మీదకు లక్షలమంది నిజమైన విద్యార్థులే వస్తారు. తొందరపడి బ్లాక్ చేస్తే దాడి చేసేవాడి పని మనమే చేసిపెట్టినట్టు. లాగ్స్ చదవడం, రేట్ లిమిట్ (ఒక్కొక్కరి నుంచి ఎన్ని రిక్వెస్టులు అనుమతించాలన్న హద్దు) ఎంత పెట్టాలో తేల్చడం అనుభవంతోనే వస్తాయి. పైథాన్‌లో చిన్న స్క్రిప్టులు రాయడం వస్తే ఆ పని సులువవుతుంది.

మొదటి ఉద్యోగానికి ‘డీడాస్’ అన్న పేరే ఉండాలని చూడకండి. నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో గానీ, సెక్యూరిటీ మానిటరింగ్ టీమ్‌లో గానీ ఫ్రెషర్‌గా చేరండి. నైట్ షిఫ్టులు ఉండొచ్చు, పని మొదట్లో విసుగ్గా అనిపించొచ్చు. అయినా మామూలు రోజు ట్రాఫిక్ ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. రెండు మూడేళ్ల తర్వాత క్లౌడ్, సీడీఎన్ (సైట్లను చాలాచోట్ల ఉన్న సర్వర్ల నుంచి అందించే) సంస్థల్లో దాడులను అడ్డుకునే టీమ్‌లకు దరఖాస్తు చేయండి.