డోసు పెంచాలా, బ్లీచింగ్ ఆపాలా?

ప్రశ్న: అనపర్తి దగ్గర మాకు 6 వేల లేయర్ల (గుడ్లు పెట్టే కోళ్ల) షెడ్డు ఉంది. బ్యాచ్ వయసు 44 వారాలు. వానలు పడ్డప్పటి నుంచి రెట్టలు పలచగా వేస్తున్నాయి, బోనుల కింద తడి, ఈగలు, గుడ్లకి మరకలు. మందుల షాపులో ప్రోబయోటిక్, లివర్ టానిక్, టాక్సిన్ బైండర్ (దాణాలోని బూజు విషాల్ని పట్టుకునే మందు) ఇచ్చారు. ప్రోబయోటిక్ పది రోజులు నీళ్లలో పెట్టాం, తేడా లేదు. నీళ్లలో రోజూ బ్లీచింగ్ మాత్రం వేస్తాం. డోసు పెంచమంటారా?

జవాబు: వద్దండీ. అసలు సంగతి మీ ఉత్తరం చివర్లోనే ఉంది, బ్లీచింగ్. ప్రోబయోటిక్ అంటే బతికున్న బ్యాక్టీరియా, దాన్ని క్లోరిన్ నీళ్లలో కలిపితే కోడి పేగు దాకా వెళ్లేలోపే చాలావరకు చచ్చిపోతుంది, అంటే డబ్బు పెట్టి కొని మీ చేత్తో మీరే చంపారన్నమాట. ఇచ్చే పూట బ్లీచింగ్ కలపని నీళ్లు పెట్టండి, లేదా బాసిల్లస్ రకం (గట్టిగా తట్టుకునే బ్యాక్టీరియా) ప్రోబయోటిక్ తీసుకుని దాణాలో కలపండి. లివర్ టానిక్ ఆపేసినా నష్టం లేదు.

అయితే తడి ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా ప్రోబయోటిక్ ఒక్కటే ఏం చేస్తుంది? ముందు ట్యాంకులో రోజుకి ఎన్ని నీళ్లు అయిపోతున్నాయో కొలవండి. లేయరు రోజుకి 110 గ్రాముల దాణా తింటే దానికి రెట్టింపు నీళ్లు తాగుతుంది, మీ షెడ్డుకి 1,200 నుంచి 1,500 లీటర్లు, ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువ. ఈ చల్లటి వాతావరణంలో 2 వేలు దాటుతోందంటే నిపుల్స్ (కోళ్లు నీళ్లు తాగే పైపు మొనలు) కారుతూ ఉండాలి, లేదా ఎక్కడో ఉప్పు ఎక్కువై ఉండాలి. దాణాలో ఎండుచేప వేస్తున్నారా? ఉప్పు ఎక్కువ పట్టిన సరుకు చాలానే వస్తుంది, ఆ ఉప్పు లెక్కలోకి తీసుకోకుండా పైన మళ్లీ ఉప్పు కలిపేస్తుంటారు. బోరు నీళ్లు కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

తర్వాత మొక్కజొన్న. సంచి అడుగు నుంచి గుప్పెడు తీసి వాసన చూడండి, పైన గింజలు బాగానే ఉండి అడుగున ముక్కిపోయి ఉంటాయి. తేమ 14 శాతం దాటితే వానాకాలంలో బూజు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. టాక్సిన్ బైండర్ ఉంది కదా అని ధైర్యం వద్దు. మట్టి రకం బైండర్లు అఫ్లాటాక్సిన్‌ని బాగానే పట్టుకుంటాయి గానీ మిగతా బూజు విషాల మీద అంతగా పనిచేయవు.

ఇంకో మాట, చాక్లెట్ రంగులో జిగటగా పడే రెట్ట చూసి టెన్షన్ పడకండి, అది గుడ్డిపేగు నుంచి రోజుకి కొన్నిసార్లు మామూలుగానే వస్తుంది. రక్తం గానీ నారింజ రంగు జిగురు గానీ కనిపిస్తే మాత్రం ఆ రోజు చనిపోయిన కోడిని పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి కోయించండి. షాపు మాట మీద యాంటీబయోటిక్ మొదలుపెట్టొద్దు, గుడ్లలోకి దిగుతుంది, పైగా పేగులో ఉన్న మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ అయితే 2019 నుంచి కోళ్లకి వాడటమే నిషేధం.

రెండోసారి ప్రోబయోటిక్ కొనే ముందు నీళ్ల లైను చివరి నిపుల్ విప్పి లోపల వేలు పెట్టి చూడండి. జారుడుగా తగిలితే అది టానిక్కులు, విటమిన్లు తిని పెరిగిన పాచి. లైన్లు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి, మంచి నీళ్లు బాగా వదిలాకే మొదలుపెట్టండి.