పదిహేను గంటలేగా అన్నావు

చిట్టీ,

జనవరిలో మీ అమ్మను నువ్వే దగ్గరుండి శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్తున్నావట. వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు "హైదరాబాద్ నుంచి 13,500 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున పదిహేను గంటలేగా పెద్దమ్మా" అన్నావు చూడు, అక్కడ పట్టుకుంది నాకు టెన్షన్.

అది గ్లోబు మీద దారం పెట్టి కొలిచిన లెక్క. పైన గాలి కూడా ఉంటుంది కదా! 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మాన్పించి పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది. పడమటి నుంచి వీచే గాలి, తూర్పుకి పోయే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది మరి. టికెట్ మీద టైములూ ఏ ఊరివి ఆ ఊరివే. చలికాలంలో తేడా పదమూడున్నర గంటలు. ఢిల్లీలో తెల్లవారుజామున 4కి ఎక్కి 16 గంటలు కూర్చున్నా, అక్కడ అదే తేదీ ఉదయం 6.30కే దిగుతారు. అది చూసి మీ అమ్మ మాత్రల టైము మార్చేయకు, డాక్టర్ని అడుగు.

పాస్‌పోర్టులు, వీసాలు నువ్వు చూసుకోగలవు.

నా భయమంతా ఢిల్లీలో విమానం మారడం గురించే. మీ పెదనాన్న ఒకసారి నాలుగు డబ్బులు మిగులుతాయని ఢిల్లీ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకో టికెట్ విడివిడిగా కొన్నారు. మధ్యలో రెండు గంటలు. "బోలెడు టైము" అన్నారు. జనవరి నెల, ఢిల్లీలో పొగమంచు. మా విమానాన్ని శంషాబాద్‌లోనే ఆపేశారు. మేం దిగేసరికి అవతలి కౌంటర్ మూసేశారు. టికెట్ ఒక్కటే అయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత విమాన కంపెనీదే. మావి రెండు కదా, మీరు రాలేదు, టికెట్ పోయింది అన్నారంతే. రాత్రంతా కుర్చీల్లోనే. గోంగూర పచ్చడి నూనె అట్టపెట్టె అడుగు నుంచి కారి ఆయన ప్యాంటుకి అంటింది. ఆయన నోరు మెదపలేదు, నేనూ ఏమీ అనలేదు. ఇప్పటికీ ఆ ఊసెత్తితే పేపరు అడ్డం పెట్టుకుంటారు.

అందుకే రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద కొను. నాలుగైదు గంటలు ఎడం ఉంచు. ఢిల్లీలో విదేశీ విమానాలు మూడో టెర్మినల్ (టీ3) నుంచి పోతాయి, మీ మొదటి విమానం ఎక్కడ దిగుతుందో ముందే చూసుకో. డబ్బులు తక్కువైతే నన్నడుగు, మొహమాటపడ్డావంటే ఊరుకోను.

ఇంకొకటి. మీ అమ్మ బాత్రూంకి లేవాల్సి వస్తుందని దారిలో నీళ్లు తాగదు. బస్సులో విజయవాడ వెళ్లినా అంతే. పదహారు గంటలు అలా బిగదీసుకుని కూర్చుంటే కాళ్లు వాచిపోతాయి, రక్తం గడ్డ కట్టే ప్రమాదమూ ఉంది. నడవా పక్క సీటు ఇప్పించి, గంటకో రెండు గంటలకో లేపి నడిపించు. వీల్‌చైర్ టికెట్ కొనేటప్పుడే అడుగు. "నాకేం రోగం" అని ఎగురుతుంది. అక్క చెప్పిందని చెప్పు, కాసేపు సణిగి కూర్చుంటుంది.

మీ పెద్దమ్మ